ఒక జట్కా, ఒక గుర్రం, ఇంటి మనుషులు

బోయిగూడలో సలోమి టీచరమ్మ ఇంటి పక్కన ఒక బండిదారి ఉండేది. తొమ్మిది అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. వీధి గేటు దగ్గర మొదలై, ఆమె వరండాను ఒరుసుకుంటూ పోయి, వెనకాల జట్కా వీరయ్య వాకిట్లో ఆగిపోయేది. ఆ తర్వాత రైల్వే గోడ. అంటే వీరయ్య ఇంట్లోవాళ్ళు ఉప్పుకైనా పప్పుకైనా బయటికి రావాలంటే టీచరమ్మ కళ్ళముందు నుంచే రావాలి. అవి మామూలు కళ్ళు కావు. బోర్డు మీద రాస్తూ రాస్తూనే, వెనక వరుసలో చింతగింజ బుగ్గన పెట్టుకున్న పిల్లను పట్టుకునే కళ్ళు.

ఆ స్థలమంతా ఒకప్పుడు ఆమె తండ్రి అబ్రహాంది. ఒంగోలు వైపు నుంచి తెల్లదొరల పల్టన్ వెంట వచ్చి, ఆ సైన్యం సామాన్ల కొట్టులో గుమాస్తాగిరీ చేసి, కడుపు కట్టుకుని కొన్న నేల. పందొమ్మిది వందల ఇరవై నాలుగులో వెనక ముక్కను వీరయ్య తండ్రికి అమ్మాడు. అమ్మినవాడు దారి చూపించాలి కదా. చూపించాడు గానీ ఇవ్వలేదు. "దారి నాది, నడక నీది" అన్నాడట. ఆ మాటనే కాగితం మీద పెట్టించాడు. కొన్నవారి ఇంటి మనుషులు నడవవచ్చు. ఒక జట్కా, ఒక గుర్రం పోవచ్చు. దారిలో బండి నిలపరాదు. పశువులను కట్టరాదు. బయటివారికి దారి ఇవ్వరాదు. పది ఆజ్ఞల తర్వాత సలోమికి కంఠతా వచ్చినవి ఈ ఐదే.

ఆమెకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగే ధైర్యం బోయిగూడలో ఎవరికీ లేదు. తండ్రి పోయాక మిగిలింది ఆ పెంకుటిల్లు, ఆ దారి. మిషను బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పాఠాలు చెబుతోంది. ఇంకో మూడేళ్ళకు ఇంటికి పంపిస్తారు. ఆ తర్వాత ఆ ఇల్లే ఆమెకు అన్నం పెట్టాలి, ఆ ఇల్లే ఆమెను చూసుకోవాలి. అందుకే దారి విషయంలో ఆమెకు భయం. ఇవాళ పదిమంది కాళ్ళకు అలవాటైతే రేపు అది వీధి అయిపోతుంది, ఎల్లుండి దానికొక దీపస్తంభం వస్తుంది, ఆపైన ఎవరో వచ్చి, ఈ వరండా వీధికి అడ్డంగా ఉందంటారు అని ఆమె లెక్క. ఆడది ఒంటరిగా ఉంటే జనం గోడలు జరుపుతారని ఆమెకు తెలుసు. నవ్వేవాళ్ళు నవ్వారు గానీ, ఆ భయం ఉత్త భయం కాదు.

వీరయ్య కూడా కాగితాన్ని దాటలేదు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారే తప్పు జరిగింది. అది కూడా గుర్రం చేసింది. వరండా పక్కన కుండీలో ఉన్న క్రోటన్ ఆకులు బాగున్నాయనిపించి ఆగిపోయింది. సలోమి ఆ మధ్యాహ్నమే వీరయ్యకు ఉత్తరం రాసింది. అతనికి చదవడం రాదు కాబట్టి సాయంత్రం పిలిచి తనే చదివి వినిపించింది. వీరయ్య చేతులు కట్టుకుని చివరిదాకా విని, "మస్తు రాసిన్రమ్మా" అన్నాడు.

నలభై ఎనిమిదో సంవత్సరం ఆషాఢంలో ఒక పొద్దున, ఆ దారిన పద్నాలుగు మంది నడిచి వచ్చారు. తలల మీద మూటలు, చంకల్లో పిల్లలు, వెనక రెండు మేకలు. పల్లెల్లో రజాకార్లు ఇళ్ళు తగలబెడుతున్న రోజులు. సలోమి వరండాలో లేచి నిలబడింది.

"వీరయ్యా, ఎవరు వీళ్ళు?"

"మా పెద్దమ్మ దిక్కు చుట్టాలమ్మా. జనగామ అవుతల ఊరు. ఊరంత కాలవెట్టిన్రు. జెర నాలుగొద్దులు…"

"కాగితంలో ఏముంది?"

"ఇంటి మనుషులని ఉందమ్మా."

"వీళ్ళు నీ ఇంటి మనుషులా?"

వీరయ్య అబద్ధం ఆడడం రాని మనిషి. "ఇంటికొచ్చిన మనుషులమ్మా" అన్నాడు.

నాలుగు రోజులు నెల అయింది. రోజూ పొద్దున మగవాళ్ళు కూలికి, ఆడవాళ్ళు నీళ్ళకు, పిల్లలు ఊరికే, ఆ దారి వెంట పోతూ వస్తూ ఉన్నారు. మేకలు క్రోటన్ మొక్కను మోడు చేశాయి. సలోమి మనసు రెండు వైపులా లాగింది. ఆదివారం గుడిలో పొరుగువాణ్ణి ప్రేమించమన్న వాక్యం వింటున్నప్పుడు తల దించుకునేది. ఇంటికొచ్చి దారిలో మేక పెంటికలు చూడగానే తల ఎత్తేది. చివరికి ఆగస్టులో రెజిమెంటల్ బజార్‌లో ఉన్న వకీలు ఆర్థర్ గారి దగ్గరికి బయలుదేరింది. అంత దూరం నడవలేదు కాబట్టి వీరయ్య జట్కాలోనే పోయింది. ఎందుకు పోతున్నదో దారిలో అతనికే చెప్పింది. చాటుగా చేయడం ఆమెకు చేతకాదు.

"నీ మీద కేసు వేయడానికి పోతున్నాను, వీరయ్యా."

"పోదాం పాండ్రి అమ్మా. రాళ్ళున్నయి, జెర గట్టిగ పట్టుకోండ్రి" అన్నాడు వీరయ్య.

వకీలు కాగితం చదివి, కేసు ఉంది గానీ రుజువు కావాలన్నాడు. ఎవరు, ఎందరు, ఏ రోజు నడిచారో పేర్లతో సహా చూపించాలి. నోటిమాట కోర్టులో నిలబడదు. సలోమికి ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాయడం కంటే ఆమెకు బాగా తెలిసిన పని ఈ లోకంలో ఇంకోటి లేదు. బజారులో ఒక కొత్త హాజరు పట్టీ కొనుక్కుని మరీ ఇంటికి వచ్చింది.

మర్నాడు సాయంత్రం బడి నుంచి రాగానే వరండాలో కుర్చీ వేసుకుని, పట్టీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదట ఒక నడివయసు మనిషి వచ్చాడు.

"పేరు?"

"వీరయ్య."

సరే, లోకంలో వీరయ్యలు చాలామంది ఉంటారు. రాసుకుంది. రెండోవాడు వచ్చాడు. వాడూ వీరయ్యే. మూడోవాడూ వీరయ్యే. నాలుగోవాడు మూటతో వచ్చి, అడగకముందే "వీరయ్య" అని చెప్పి గబగబా లోపలికి పోయాడు. సలోమి పెన్ను కింద పెట్టింది. తర్వాత తెలిసింది అసలు సంగతి. ఈ దారి వీరయ్యకు మాత్రమే అని వీరయ్య భార్య విజయమ్మ వాళ్ళను హెచ్చరించిందట. వాళ్ళ ఊళ్ళో పట్వారి పేరు రాసుకున్నాడంటే వెట్టికో, లెవీ ధాన్యానికో అన్నమాట. పేరు రాయించుకుని బాగుపడ్డవాడిని వాళ్ళు ఎన్నడూ చూడలేదు. కాబట్టి ఎవరికి హక్కు ఉన్నదో వాడి పేరే అందరూ చెప్పారు. ఇందులో తెలివి ఎంత ఉందో భయమూ అంతే ఉంది.

అందరి వెనక ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. వీరయ్య పెద్దమ్మ, దేవమ్మ. ఆమె తప్పించుకుని పోలేదు. వరండా మెట్టు మీద చతికిలబడింది.

"నా పేరు రాయి బిడ్డా. దేవమ్మ. మంచిగ కనవడేటట్టు రాయి."

"నీకు భయం లేదా?"

"నాకెందుకు భయం? నా కొడుకు ఒచ్చి అడిగితే చెప్పొద్దా? వాని పేరు సుత రాయి. బిక్షం."

"ఏడీ బిక్షం?"

"ఎనకాల ఒస్తున్నడు. జత ఎడ్లున్నయి మాకు. వాటిని ఇడిసిపెట్టి ఎట్ల ఒస్తనే అన్నడు. నువ్వు నడువు, తోల్కొని నేనొస్త అన్నడు. బోయిగూడల టీచరమ్మ గేటని అడుగు బిడ్డా అని చెప్పిన. గీ గేటు తప్ప వానికింకోటి ఎర్కలేదు."

"నడిచినవాళ్ళ పేర్లే రాస్తాను, దేవమ్మా."

"నడుస్తడు గద. జెర ఆలిశమైతది, గంతే."

సలోమి తన ఉద్యోగంలో ఒక్క దొంగ హాజరు వేసి ఎరగదు. తనిఖీకి వచ్చే దొరసాని కోసం సంఖ్య పెంచమని పెద్ద టీచరు బతిమాలినా వేయలేదు. ఆ ముసలామె ముఖం చూస్తూ పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. రానివాణ్ణి వచ్చాడని రాస్తే అబద్ధం. రానివాణ్ణి రాలేదని రాస్తే అబద్ధం ఎలా అవుతుంది? అలా తనకు తానే సర్దిచెప్పుకుని, దేవమ్మ కింద బిక్షం అని రాసింది. దేవమ్మకు గీత పెట్టింది. బిక్షానికి సున్న చుట్టింది.

ముసలామె రాయించుకుందని తెలిశాక, మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే తమ సొంత పేర్లు చెప్పారు. నాలుగు రోజుల్లో పద్నాలుగు పేర్లూ పట్టీకెక్కాయి. రోజూ సాయంత్రం పేరు పిలిచేది, పలికినవాళ్ళకు గీత పెట్టేది. కూలికి పోయినవాళ్ళు చీకటి పడకముందే రావడం నేర్చుకున్నారు, టీచరమ్మ కుర్చీలోంచి లేవకముందే. ఎవరైనా ఆలస్యమైతే ఆమె గేటు దాకా పోయి వీధి చూసేది. దగ్గే పిల్లలకు మిరియాల కషాయం కూడా పోసింది. కేసుకు కావలసిన సాక్షులు జబ్బుపడకూడదని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట నమ్మినది ఆమె ఒక్కతే. చివర్లో ఎప్పుడూ "బిక్షం" అని పిలిచేది. దేవమ్మ గేటు వైపు చూసి, "ఇయ్యాల రాలె" అనేది.

సెప్టెంబరు పదమూడు, సోమవారం. ఇండియన్ యూనియన్ సైన్యం హైదరాబాద్ మీదికి బయలుదేరిందన్న వార్త తెల్లవారేసరికి బోయిగూడ అంతా పాకింది. బడి మూసేశారు. రైళ్ళు ఆగిపోయాయి. ఆకాశంలో విమానాలు. వీధిలో ఒక్క తలుపు తెరిచి లేదు. దారిలో ఒక్క మనిషి నడవలేదు. సాయంత్రం సలోమి పట్టీ తెరిచి కూర్చుంది. రాయడానికి ఏమీ లేదు. ఎవరూ నడవలేదు కాబట్టి ఖాళీగా వదిలేయవచ్చు. వకీలు అయితే అదే చెబుతాడు. కానీ ఆ ఖాళీ గడులు చూస్తుంటే ఆమెకు కాలు నిలవలేదు. పట్టీ చంకన పెట్టుకుని, ఆ అరవై అడుగుల దారిన చివరిదాకా నడిచిపోయింది. ఇరవై నాలుగేళ్ళలో ఆమె ఆ కొసను చూడడం అదే మొదలు.

అందరూ గుర్రపుశాలలో గడ్డి మీద ముడుచుకుని కూర్చున్నారు. గుర్రం బిక్కచచ్చి మూలకు నిలబడింది. పిల్లలు ఏడుస్తున్నారు. సలోమి గడపలో నిలబడి, బడి గొంతుతో పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరే పలికారు. "ఉన్న." "ఉన్ననమ్మా." వీరయ్య అయితే పట్టీలో తన పేరు లేకపోయినా "హాజిర్!" అన్నాడు. విజయమ్మకు ఆ భయంలోనూ నవ్వు వచ్చింది. పైన ఒక విమానం మోత పెట్టి పోయింది. సలోమి ఆగలేదు. పద్నాలుగు పేర్లూ పిలిచింది, పదిహేనోది కూడా పిలిచింది. "ఇయ్యాల రాలె" అంది దేవమ్మ. అప్పుడు సలోమికి ఒక సంగతి తెలిసింది. తనకు కూడా వీళ్ళంత భయమూ వేసిందనీ, వీళ్ళు పలుకుతుంటేనే ఆ భయం తగ్గిందనీ. అలా ఐదు సాయంత్రాలు గుర్రపుశాలలోనే హాజరు జరిగింది.

శుక్రవారం నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు. మర్నాడు సికింద్రాబాద్ వీధుల్లో సైన్యం లారీలు. రైళ్ళు మళ్ళీ నడిచాయి. అక్టోబరులో చుట్టాలు ఒక్కొక్కరే ఊరికి తిరిగిపోయారు, పొలాలు పిలుస్తున్నాయంటూ. పోయేముందు ప్రతివాడూ వరండా దగ్గర ఆగి, "పోయొస్తమమ్మా, పేరు రాసుకోండ్రి" అని చెప్పి మరీ పోయాడు. మిగిలింది దేవమ్మ ఒక్కతే. ఆమె ఇల్లు కాలిపోయింది. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు గానీ, ఆమె రానన్నది అందుకు కాదు. "వాడు గీడికే గద ఒచ్చేది. నేను ఆడికి పోతే ఎట్ల?" అంది.

నవంబరులో కోర్టులు తెరిచారు. వకీలు ఆర్థర్ కబురు పెట్టాడు. సలోమి పట్టీ తీసుకుని, మళ్ళీ వీరయ్య జట్కాలోనే రెజిమెంటల్ బజార్‌కు పోయింది. వీరయ్య కింద గుర్రానికి గడ్డి వేసుకుంటూ ఉండిపోయాడు.

వకీలు పేజీలు తిప్పుతున్నకొద్దీ ముఖం వెలిగిపోయింది. "అమ్మగారూ, ఇంతకాలంగా వకీలు పని చేస్తున్నాను, ఇలాంటి సాక్ష్యం చూడలేదు. మిగతావాళ్ళు పోయారు కాబట్టి ఇంకా సులువు. వీరయ్య, అతని భార్య తప్ప ఇంకెవరూ ఆ దారిన కాలు పెట్టకూడదని కోర్టు చేత రాయించేస్తాను. ఆ ముసలామె కూడా వెళ్ళిపోవాల్సి ఉంటుంది. మీ దారి మీకు ఖాయం."

అంటూ అంటూ ఆగాడు. "ఈ బిక్షం ఎవరు? ఒక్కరోజు కూడా నడవలేదే. అన్నీ సున్నలే!"

సలోమి చెప్పింది.

"అయ్యో, ఇది కోర్టులో చూపిస్తే నవ్వుతారండీ. నడవనివాడి మీద ఫిర్యాదేమిటంటారు. ఒక్క పేరు తప్పయితే పట్టీ అంతా తప్పంటారు. ఈ ఒక్క పేరు కొట్టేయండి. మిగతాదంతా బంగారం." ఎర్ర సిరా పెన్ను ఆమె ముందు పెట్టాడు.

సలోమి పెన్ను తీసుకుంది. చిన్న పని. ఒక్క గీత. ఇల్లు, దారి, ముసలితనంలో ఎవరికీ చెయ్యి చాపనక్కర్లేని బతుకు, అన్నీ ఆ గీతకు అవతల ఉన్నాయి. కానీ ఆమె చెయ్యి కదలలేదు.

పద్దెనిమిదో సంవత్సరంలో, ఇన్‌ఫ్లుయెంజా ఊరిని ఊడ్చేసిన ఏడాది, ఆమెకు ఉద్యోగం కొత్త. బడి మళ్ళీ తెరిచిన రోజున, పోయిన పిల్లల పేర్లు కొట్టేయమన్నారు. పదకొండు పేర్ల మీద ఎర్ర గీత గీసింది. వాటిలో మార్త అనే పిల్ల ఒకతి. చనిపోయింది తల్లి మాత్రమే. పిల్లను అమ్మమ్మ తీసుకుపోయింది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, సలోమి ఎవరినీ అడగలేదు. క్రిస్మస్ తర్వాత ఒక పొద్దున ఆ పిల్ల వచ్చి తన చోట కూర్చుంది. సలోమి తల వంచుకుని పేర్లు చదువుతూ పోయింది. తన పేరు వస్తుందని ఆ పిల్ల చివరిదాకా చూసింది. రాలేదు. నోరు తెరిచి అడగలేదు. పలక తీసుకుని లేచి వెళ్ళిపోయింది. సలోమి తల ఎత్తి, గుర్తుపట్టి, గేటు దాకా పరిగెత్తేసరికి వీధిలో ఎవరూ లేరు. వాకబు చేసింది, ఆ అమ్మమ్మ ఏ ఊరిదో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. ఈ ముచ్చట సలోమి ముప్ఫై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వకీలుకూ చెప్పలేదు.

"ఈ పేరు మీద నా చెయ్యి రాదండీ" అంది. పట్టీ మూసి చంకన పెట్టుకుంది. "కేసు వద్దు."

"అయితే దారి మీద మీ మాట చెల్లదు, అమ్మగారూ. రేపు ఎవరైనా నడుస్తారు."

"నడవనివ్వండి" అంటూ లేచింది. మెట్లు దిగుతుంటే కళ్ళు మసకబారాయి. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు.

కింద వీరయ్య ఎదురొచ్చాడు. "పేషీ ఎప్పుడమ్మా?"

"పేషీ లేదు, ఏమీ లేదు. కేసు వేయట్లేదు."

వీరయ్య పరేషాన్ అయ్యాడు. "ఏమైందమ్మా? నా దిక్కు కెల్లి ఏమన్న తప్పైందా?"

"నీ దగ్గరున్న కాగితం సాయంత్రం తీసుకురా. దేవమ్మను కూడా తీసుకురా" అని మాత్రం చెప్పి జట్కా ఎక్కింది.

ఎండ వాలుతుండగా ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. విజయమ్మ మెట్టు దగ్గర నిలబడింది. సలోమి రెండు కాగితాలూ పక్కపక్కన పరిచింది. తండ్రిది ఒకటి, వీరయ్య తండ్రిది ఒకటి. అబ్రహాం సంతకం కింద ఖాళీ చోటు ఉంది. అక్కడ, రెండింటి మీదా ఒకే మాట, గుండ్రటి అక్షరాలతో మెల్లగా రాసింది. సంతకం పెట్టింది. ఇది కోర్టుకు పనికొస్తుందా అని ఆమె ఎవరినీ అడగలేదు.

"ఏం రాసినవు బిడ్డా?" అంది దేవమ్మ.

సలోమి చదివింది. "ఇంటి మనుషులు అనగా వీరయ్య పెద్దమ్మ దేవమ్మ కూడా. ఆమె కొడుకు బిక్షం కూడా, వచ్చిన రోజు నుంచి. అతను తోలుకొచ్చే జత ఎద్దులు కూడా." ఒక్క క్షణం ఆగింది. అబ్రహాం కూతురు కాబట్టి చివరి వాక్యం కూడా రాయకుండా ఉండలేకపోయింది. అదీ చదివింది. "ఎద్దులను దారిలో కట్టరాదు."

వీరయ్య తల తిప్పుకున్నాడు. దేవమ్మ కాగితం మీదికి వంగింది. "వాని పేరు యాడున్నది?" అంది. సలోమి ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టింది. ముసలామె వేలు అక్కడినుంచి తీయలేదు.

"కట్టడు బిడ్డా. కట్టొద్దని చెప్త" అంది. "వాడు రాంగనే, మొదలు గదే చెప్త."